రేషన్ దుకాణం దగ్గర సంఘం పని

యెరూషలేములోని ఆదిమ సంఘంలో పుట్టిన తొలి తగవుల్లో ఒకటి అన్నం దగ్గర వచ్చింది. ప్రతిరోజూ జరిగే ఆహార పంపిణీలో తమ విధవరాండ్రను పట్టించుకోవడం లేదని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఆ సంగతి ఉంది. అక్కడ ఆహారానికి కొరత ఉన్నట్టు ఎక్కడా రాయలేదు. పంచేవారూ ఉన్నారు. ఆ పేద స్త్రీల దాకా అది చేరడం లేదు, అంతే. అపొస్తలులు వారిని ఓర్చుకోమనలేదు. ఏడుగురిని ఏర్పరిచారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. మొరపెట్టిన వారి భాష తెలిసినవారికే పని అప్పగించారన్నమాట.

మడకశిర సంఘాలు ఈ అధ్యాయాన్ని మరోసారి చదువుకోవాలని మేము అంటున్నాము. మూడు వైపులా కర్ణాటకే ఉన్న ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో మాట్లాడేది కన్నడం, కార్డు మీద ఉండేది తెలుగు. వాన మొహం చాటేసి వేరుశనగ చేతికి రాని ఏడు, ఊళ్లో సగం మంది బెంగళూరు కూలికి పోతారు. ఇళ్ల దగ్గర అవ్వాతాతలు, పసిపిల్లలు మిగులుతారు. బియ్యం ప్రభుత్వ గోదాములో ఉన్నాయి, చట్టమూ ఉంది. కానీ ఆ అవ్వ వేలిముద్ర మిషన్ మీద పడదు. కోడలి పేరు కార్డులో ఎక్కలేదు. చనిపోయిన పెద్దాయన పేరు ఇంకా తీయలేదు.

2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం దీన్ని దానంగా కాక హక్కుగా ఇచ్చింది. అంత్యోదయ కార్డు ఉన్న కుటుంబానికి నెలకు 35 కిలోలు, ఇతర అర్హుల కార్డుల్లో మనిషికి 5 కిలోలు. 2023 జనవరి నుంచి ఇవి ఉచితం. ఇంటి పెద్దగా కార్డు మీద ఉండవలసింది 18 ఏళ్లు నిండిన స్త్రీలలో పెద్దావిడ అని కూడా ఆ చట్టమే చెబుతోంది. విధవరాండ్ర పక్షాన పలికిన ప్రవక్తలు వింటే సంతోషించే మాట ఇది! అన్నట్టు, నిరుపేదల కోసం పెట్టిన ఆ అంత్యోదయ పథకం 2000 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజునే మొదలైంది.

బెంగళూరు పోయేవారికి మరో సంగతి చెప్పాలి. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' విధానంలో కర్ణాటకలోని చౌకధరల దుకాణంలోనూ బియ్యం తీసుకోవచ్చు. అయితే అది కేంద్ర చట్టం కింద ఉన్న కార్డులకే వర్తిస్తుంది. మన రాష్ట్రంలో రాష్ట్ర ప్రభుత్వం తన ఖర్చుతో ఇచ్చే కార్డులు కూడా చాలా ఉన్నాయి, అవి సరిహద్దు దాటితే చెల్లవు. తమది ఏ కార్డో చాలామందికి తెలియదు. బస్సెక్కేముందే డీలరునో, సచివాలయంలోనో అడిగి చెప్పగలిగితే ఒక కుటుంబానికి అక్కడ పూట గడుస్తుంది.

ఇది సంఘం చేయవలసిన పనేనా అని అడిగేవారున్నారు. 1876-78 నాటి గొప్ప కరవులో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఏం చేశారో చూడండి. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకం పని పెట్టింది. కానీ అక్కడ మేస్త్రీల చేతిలో దళితులు అవస్థలు పడేవారు. క్లౌ దొర తానే మూడు మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నారు. తమ బోధకులనే పైవిచారణకు పెట్టి, కూలి సరిగా ముట్టేలా చూశారు. సర్కారు డబ్బు పేదవాడి చేతిదాకా వెళ్లే దారిని ఆయన సరిచేశారు. ఆ రోజుల్లో బాప్తిస్మం కోసం వచ్చినవారిని మాత్రం ఆగమన్నారు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరవు పనులు ముగిశాకే, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ జాగ్రత్త మనకూ కావాలి. కార్డు పని మీద వచ్చిన పొరుగువారి చేతిలో కరపత్రం పెట్టకూడదు, ఆదివారం రమ్మని షరతు పెట్టకూడదు. వారిది ఏ మతమైనా పని ఒకటే. రేషన్ కార్డుకు మతంతో, కులంతో సంబంధం లేదని మన విశ్వాసులకు కూడా చెప్పాలి. క్రైస్తవులమని తెలిస్తే కార్డు పోతుందేమోనని లోలోపల భయపడేవారు ఉంటారు.

చేసే పని చిన్నదే. ఫోను వాడటం తెలిసిన ఇద్దరు యౌవనస్థులు, కన్నడం వచ్చిన ఒక సోదరి చాలు. ఎవరింట్లో ఈ-కేవైసీ కాలేదో, ఎవరి పేరు చేర్చాలో తెలుసుకుని, ఆ ఇంటివారితో కలిసి సచివాలయానికి నడవాలి. వేలిముద్ర పడకపోతే కంటిపాపతో చూసే పద్ధతి ఉందని దుకాణం దగ్గర నెమ్మదిగా గుర్తుచేయాలి. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు 2025 జూన్ నుంచి సరుకులు ఇంటికే చేర్చాలన్న ఏర్పాటు వచ్చింది. మంచం పట్టిన అవ్వకు ఆ మాట ఎవరు చెప్పారు? జరగకపోతే 1967 నంబరుకు ఫోన్ చేయవచ్చు, జిల్లాలో ఫిర్యాదులు చూసే అధికారికి రాసి ఇవ్వవచ్చు. డీలరుతో గొడవపడటం మాత్రం మా ఉద్దేశం కాదు. మిషన్ మొరాయిస్తే ఆయనా నిస్సహాయుడే.

ఒక్క హెచ్చరిక. ఆధార్ కాపీలు సంఘం బీరువాలో దాచవద్దు, ఎవరి ఓటీపీ అడగవద్దు, దారి ఖర్చు పేరుతోనైనా రూపాయి తీసుకోవద్దు. బల్ల దగ్గర పరిచర్యకు అపొస్తలులు మొదట వెతికింది మంచి పేరు పొందినవారినే.

దుకాణాల్లో సరుకులు ఇచ్చేది సాధారణంగా ప్రతి నెలా 1 నుంచి 15వ తేదీ దాకానే. కాబట్టి మూడో ఆదివారం దాకా ఆగకుండా, మొదటి ఆదివారం ప్రకటనల్లోనే కాపరులు ఈ మాట చెప్పాలి.