చెడిపోయినా చూపు పోని దూరదర్శిని

చెడిపోయిన వస్తువును బాగుచేయించుకునే అలవాటు మన ఇళ్లలో క్రమంగా తగ్గిపోతున్నది. ‘ఆ ఖర్చుతో కొత్తదే వస్తుంది’ అనే మాట మనకు ఊతపదమైంది. అయితే భూమికి సుమారు ఐదు వందల కిలోమీటర్ల ఎత్తున, గంటకు సుమారు 27 వేల కిలోమీటర్ల వేగంతో తిరిగే ఒక యంత్రాన్ని మానవులు ఐదుసార్లు అక్కడికే వెళ్లి బాగుచేశారు. అదే హబుల్ అంతరిక్ష టెలిస్కోప్. దాని కథలో మనం తెలుసుకోదగిన విషయాలు చాలా ఉన్నాయి.

తప్పు ఎక్కడ జరిగింది?

భూమిని ఆవరించిన గాలి నక్షత్రాల కాంతిని చెదరగొడుతుంది. ఆ ఆటంకం లేకుండా ఆకాశాన్ని చూడాలని 1990 ఏప్రిల్ 24న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఈ టెలిస్కోప్‌ను పంపింది. కానీ మొదటి చిత్రాలే మసకగా వచ్చాయి. 2.4 మీటర్ల వెడల్పు గల దాని ప్రధాన దర్పణం అంచు వద్ద ఉండవలసినదానికంటే 2.2 మైక్రోమీటర్లు చదునుగా ఉన్నదని తేలింది. అది వెంట్రుక మందంలో సుమారు యాభయ్యో వంతు మాత్రమే.

పనివారు దర్పణాన్ని ఎంతో నిష్ఠతోనే సానపట్టారు. అయితే వారికి దారి చూపిన కొలత పరికరంలోనే ఒక కటకం ఉండవలసిన చోటు నుండి 1.3 మిల్లీమీటర్ల తేడాతో అమర్చబడింది. కొలబద్దే తప్పినప్పుడు ఎంత శ్రద్ధగా పనిచేసినా తప్పే తయారవుతుంది. ఇతర పరీక్షలు ఈ దోషాన్ని ముందే సూచించాయి. కానీ అవి అంత కచ్చితమైనవి కావని వాటి సాక్ష్యాన్ని తోసిపుచ్చారు.

చూపు తిరిగివచ్చిన వేళ

నాసా ఆ లోపాన్ని దాచలేదు. 1990 జూన్‌లోనే లోకానికి ప్రకటించి, విచారణ జరిపించింది. తప్పు ఎంతో కచ్చితంగా తెలిసినందువల్లనే దానికి విరుగుడు దొరికింది. చూపు మందగించిన కంటికి కళ్లద్దాలు పెట్టినట్లు, ఆ దోషానికి సరిగ్గా వ్యతిరేకమైన ఆకృతి గల చిన్న దర్పణాలను తయారుచేశారు. 1993 డిసెంబరులో ఎండీవర్ నౌకలో వెళ్లిన ఏడుగురు వ్యోమగాములలో కొందరు ఐదుసార్లు శూన్యంలోకి దిగి, ఆ దర్పణాలను, కొత్త కెమెరాను అమర్చారు. ఆ తర్వాత చిత్రాలు తేటగా వచ్చాయి.

1999 నవంబరులో మరో ఆపద వచ్చింది. టెలిస్కోప్‌ను ఒకే దిశలో నిలకడగా ఉంచే ఆరు గైరోస్కోపులలో నాలుగోది కూడా ఆగిపోవడంతో పరిశీలనలు నిలిచిపోయాయి. మరుసటి నెలలోనే వ్యోమగాములు వెళ్లి ఆరింటినీ మార్చారు.

యంత్రం ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?

2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక కూలిపోయి, మన దేశంలో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. ఒక యంత్రం కోసం మనుషుల ప్రాణాలను మళ్లీ పణంగా పెట్టరాదని 2004లో తదుపరి మరమ్మతు యాత్రను రద్దుచేశారు. ఆ నిర్ణయాన్ని మనం పిరికితనమని అనలేము. 2006లో తిరిగి అనుమతి లభించింది. అయితే 2009 మే నెలలో అట్లాంటిస్ బయలుదేరినప్పుడు, ఆపద వస్తే కాపాడడానికి ఎండీవర్‌ను మరో ప్రయోగ వేదికపై సిద్ధంగా నిలిపారు.

ఆ యాత్రలో ఒక పరికరాన్ని తెరవాలంటే వందకు పైగా చిన్న స్క్రూలు విప్పవలసి వచ్చింది. అంతకుముందే, అడ్డుగా ఉన్న ఒక పిడి మర ఊడక మొరాయించింది. భూమిపై ఇంజనీర్లు అలాంటి పిడినే లాగి చూసి, ఎంత బలం కావాలో లెక్కగట్టి చెప్పారు. వ్యోమగామి మైక్ మాసిమినో దానిని చేతితో లాగివేశాడు. ఐదేళ్లుగా మూగబోయిన పరికరం మళ్లీ పనిచేసింది.

మనకు మిగిలే పాఠం

స్పేస్ షటిల్ నౌకలు 2011లో విశ్రాంతి తీసుకున్నాయి. ఇక హబుల్ వద్దకు వెళ్లేవారు లేరు. 2024 జూన్ నుండి అది ఒకే గైరోస్కోపుతో, రెండోదాన్ని నిల్వగా ఉంచుకొని పనిచేస్తున్నది. పలుచని గాలి రాపిడికి దాని కక్ష్య మెల్లగా దిగిపోతున్నది. ఏనాటికైనా దాని గడువు తీరవలసిందే.

అయినా అది ఇంతకాలం ఎలా నిలిచింది? ‘ఇది చెడిపోవచ్చు’ అని నిర్మాతలు మొదటే అంగీకరించారు. అందుకే తెరవడానికి తలుపులు, పట్టుకోవడానికి పిడులు, మార్చడానికి వీలైన పెట్టెలు దానికి అమర్చారు. వస్తువుకైనా, మన ఇంటి బంధాలకైనా ఈ తలుపు అవసరమే. పొరపాటు జరగదని కాక, జరిగితే సరిదిద్దుకోవచ్చునని ముందే చోటు ఉంచినవారికే దిద్దుకునే అవకాశం మిగులుతుంది.