పాతదానికి కొత్త మెరుగు – కొనాలా, వద్దా?

నిరుడు మన హాస్టల్ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు, భోజనాల దగ్గర ఇద్దరు తమ్ముళ్ళు నన్ను పట్టుకున్నారు. ఒకతను తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదువుతున్నాడు. "అన్నా, మా హీరో పాత సినిమా 4కేలో మళ్ళీ వేస్తున్నారు. టిక్కెట్టు 150 రూపాయలు. వెళ్ళొచ్చా?" అని అడిగాడు. రెండో అతను ఏలూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "ఇరవై ఏళ్ళనాటి కంప్యూటర్ గేమ్‌ని రీమాస్టర్ చేసి అమ్ముతున్నారన్నా. స్కాలర్‌షిప్ వచ్చాక కొందామనుకుంటున్నాను" అన్నాడు. రెండూ వేరు వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ నిజానికి ఒకటే. పాత వస్తువుకి మెరుగు పెట్టి మళ్ళీ అమ్మితే, దానికి మన డబ్బు పెట్టవచ్చా? ఆ రోజు చేతిలో విస్తరితో సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఈ సంచికలో రాస్తున్నాను.

సబ్బుకీ కొబ్బరినూనెకీ ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీల్లో మిగుల్చుకుని సినిమాకి వెళ్ళిన వాళ్ళం మనం. మనకి 150 రూపాయలంటే చిన్న లెక్క కాదు. కాబట్టి లెక్క సరిగానే వేద్దాం.

రీమాస్టర్ అంటే ఏమిటి?

సర్టిఫికెట్‌ని జిరాక్స్ తీయించడం మనందరికీ తెలుసు. ఒరిజినల్ నుంచి తీస్తే అక్షరం స్పష్టంగా వస్తుంది. జిరాక్స్ మీద జిరాక్స్ తీస్తూ పోతే చివరికి సీలు నల్లమచ్చ అయిపోతుంది. సినిమాకైనా అంతే. కెమెరాలో తిరిగిన నెగెటివ్ అసలు కాపీ. థియేటర్ ప్రింట్లు, టీవీ టేపులు, సీడీలు దాని జిరాక్సులు. నెగెటివ్ దగ్గరకి మళ్ళీ వెళ్ళి, ఒక్కో చిత్రాన్నీ స్కాన్ చేసి, గీతలూ దుమ్ము మచ్చలూ తీసేసి, వెలుగునీ శబ్దాన్నీ సరిచేసి కొత్త మూలప్రతి తయారు చేస్తే అది నిజమైన రీమాస్టర్. 4కే అంటే బొమ్మలో అడ్డంగా సుమారు నాలుగు వేల చుక్కలు. 35 ఎం.ఎం. నెగెటివ్‌లో ఆ మాత్రం వివరం ఉంటుంది. టీవీ టేపులో ఉండదు. లేనిదాన్ని పెద్దది చేస్తే మసకే పెద్దదవుతుంది.

మాయాబజార్ చెప్పే పాఠం

మనకి తెలిసిన గొప్ప ఉదాహరణ 'మాయాబజార్'. విజయా వారి ఈ చిత్రం కె.వి.రెడ్డి గారి దర్శకత్వంలో 1957 మార్చి 27న విడుదలైంది. దీనితో మన ప్రాంతానికి చుట్టరికం కూడా ఉంది. ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావు గారు నూజివీడులో పుట్టారు. లక్ష్మణ కుమారుడిగా నవ్వించిన రేలంగి గారు తాడేపల్లిగూడెంలో స్థిరపడి, అక్కడే రేలంగి చిత్రమందిర్ అనే సినిమా హాలు కట్టించి, 1975లో అక్కడే కన్నుమూశారు.

నలుపు తెలుపుల ఈ సినిమాకి హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్దించి 2010 జనవరిలో విడుదల చేసింది. అంతకుముందు హిందీలో 'మొఘల్-ఎ-ఆజం' 2004లోనూ, 'నయా దౌర్' 2007లోనూ ఇలాగే రంగుల్లో వచ్చాయి. ఎంత పనో చూడండి. సినిమా నిడివి 184 నిమిషాలు. సెకనుకి 24 చిత్రాలు. అంటే సుమారు 2,65,000 చిత్రాలు! 165 మంది దాదాపు 8 నెలలు పనిచేశారు. ఒకే దారిలో వినిపించే పాత మోనో శబ్దాన్ని డీటీఎస్‌గా మార్చారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నలుపు తెలుపు ఫిల్ములో వెలుగెంతో ఉంటుంది గానీ రంగేమిటో ఉండదు. ఎరుపు చీరా, ముదురాకుపచ్చ చీరా ఒకే బూడిదరంగులో కనపడవచ్చు. అందుచేత శశిరేఖ పట్టుచీర రంగు ఫిల్ములో ఉన్నది కాదు, ఈనాటి కళాకారులు ఎంచుకున్నది. అంటే వాళ్ళు మరకలు తుడిచి ఊరుకోలేదు, కొత్తగా చేర్చారు కూడా.

నేను విజయవాడలో ఆ రంగుల సినిమా చూశాను. పెళ్ళివారి వంటలన్నీ ఘటోత్కచుడు ఒక్కడే ఆరగించే ఘట్టంలో హాలంతా చిన్నపిల్లల్లా నవ్వింది. ఆ వంటకాలకి రంగు నిజంగా ఆకలి పుట్టించింది. కానీ పడవ పాట దగ్గర నాకు కొంచెం లోటు అనిపించింది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే ఆ వెన్నెలని నలుపు తెలుపుల కోసమే సృష్టించాడు. మాది కొల్లేటి లంక గ్రామం. చిన్నప్పుడు రాత్రిపూట నాన్నతో దోనెలో వెళ్ళినవాణ్ణి. వెన్నెల్లో నీటికి రంగుండదు, మెరుపే ఉంటుంది. హాస్టల్ టీవీలో దూరదర్శన్ వేసిన పాత మాయాబజార్‌లో నాకు మా కొల్లేరు కనపడింది. రంగుల్లో కనపడలేదు.

అయినా టిక్కెట్టు డబ్బు వృథా అనుకోలేదు. ఎందుకంటే నిజంగా పని జరిగింది. పైగా పాతది ఎక్కడికీ పోలేదు. రెండూ చూసి ఏది బాగుందో మనమే చెప్పుకోవచ్చు.

అన్నీ అలాంటివేనా?

కావు. 2022 ఆగస్టులో మహేష్‌బాబు గారి పుట్టినరోజుకి 'పోకిరి' మళ్ళీ వేసిన తర్వాత మన రాష్ట్రాల్లో ఈ వరస బాగా ఊపందుకుంది. 1990 నాటి 'జగదేకవీరుడు అతిలోకసుందరి' 2025 మే 9న 3డిలో కూడా వచ్చింది. 1989 నాటి 'శివ'కి శబ్దాన్ని డాల్బీ అట్మాస్‌లోకి మార్చి 2025 నవంబరులో విడుదల చేశారు. ఇలా కష్టపడినవి కొన్నయితే, పోస్టరు మీద 4కే అని వేసి తెర మీద మసక చూపించేవి కొన్ని. అలాంటిదొకటి చూసి నేనూ మోసపోయాను. ముఖాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయి. పాటలు డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టున్నాయి. కానీ చుట్టూ కుర్రాళ్ళు కాగితాలు చల్లి, ఈలలు వేసి, తెర ముందు చిందులు వేశారు. వాళ్ళు సంతోషంగానే ఇంటికెళ్ళారు. అప్పుడు నాకర్థమైంది ఏమిటంటే, వాళ్ళు కొన్నది సినిమాని కాదు, తిరునాళ్ళని. తిరునాళ్ళకని తెలిసి డబ్బు పెడితే తప్పులేదు. మెరుగు కోసమని పెడితేనే బాధ.

కంప్యూటర్ ఆటల సంగతి

రెండో తమ్ముడు అడిగింది రోల్ ప్లేయింగ్ గేమ్ గురించి. వీధినాటకంలో వేషం కట్టినట్టు మనమే ఒక పాత్రలోకి దిగి, ఎవరితో స్నేహమో ఎవరితో యుద్ధమో తేల్చుకుంటూ కథ నడిపించే ఆట అది. వీటిలో పాతవాటికి మంచి పేరుంది. సినిమాకి నెగెటివ్ ఎలాగో ఆటకి మూల ప్రోగ్రామ్, అంటే సోర్స్ కోడ్ అలాగ.

1998లో వచ్చిన 'బాల్డర్స్ గేట్' కొత్త కంప్యూటర్లలో సరిగా నడవక ఇబ్బంది పెట్టేది. బీమ్‌డాగ్ అనే సంస్థ 2012లో దాన్ని సరిచేసి, కొన్ని పాత్రలు కూడా చేర్చి అమ్మింది. తర్వాత ఫోన్లలోకీ వచ్చింది. ఇది పనికొచ్చే మెరుగు. అదే సంస్థ 2002 నాటి 'ఐస్‌విండ్ డేల్ 2'ని అలా చేయలేకపోయింది. కారణం, దాని సోర్స్ కోడ్ దొరకలేదు! లక్షలమంది ఆడిన ఆటకే మూలప్రతి భద్రంగా లేదంటే ఆశ్చర్యమే కదా.

2006 నాటి 'ఆబ్లివియన్' 2025 ఏప్రిల్‌లో కొత్త రూపంలో వచ్చింది. లోపల ఆట చాలావరకు పాతదే, పైన బొమ్మలు కొత్తవి. అయితే దానికి డిస్కులో 125 జీబీ చోటు, మంచి గ్రాఫిక్స్ కార్డూ కావాలి. మన తమ్ముడి దగ్గరున్న మామూలు లాప్‌టాప్‌లో అది కదలదు. పాత ఆబ్లివియన్ మాత్రం విడిగా తక్కువ ధరకే దొరుకుతుంది, మామూలు యంత్రంలోనూ నడుస్తుంది. కథ అదే. కాబట్టి అతనికి నా సలహా, పాతది చాలు.

మరో హెచ్చరిక కూడా ఉంది. 'వార్‌క్రాఫ్ట్ 3' అనే యుద్ధవ్యూహాల ఆట 2002 నాటిది. 2020 జనవరిలో దాన్ని కొత్తగా చేసి అమ్మారు. ముందు చూపించిన కొన్ని మెరుగులు అందులో లేవు. అంతకన్నా ఘోరం, పాత ఆట కొనుక్కున్నవాళ్ళ పాత రూపం కూడా మారిపోయింది. గొడవ ముదిరి, అడిగినవాళ్ళకి కంపెనీ డబ్బు వాపసు ఇచ్చింది. దీనికి భిన్నంగా 2016లో 'స్కైరిమ్' మెరుగుపరిచిన రూపాన్ని, కంప్యూటర్‌పై అన్ని భాగాలూ కొన్న పాతవాళ్ళకి ఉచితంగానే ఇచ్చారు. ఒకే వ్యాపారంలో రెండు రకాల నడవడి!

మూడు ప్రశ్నలు

కనుక డబ్బు తీసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: మూలప్రతి నుంచి పని చేశారా, జిరాక్సునే పెద్దది చేశారా? ప్రకటన కాదు, ట్రైలర్ చూడండి. చూసొచ్చినవాళ్ళని అడగండి. మొదటిరోజే పరుగెత్తనక్కర్లేదు.

రెండు: పాతది ఇంకా దొరుకుతుందా? దొరికితే, కొత్తదాంట్లో నాకు ఉపయోగపడే మార్పేమిటి? పాతదాన్ని మాయం చేసి కొత్తది అంటగట్టేవాళ్ళకి డబ్బివ్వకండి.

మూడు: నేను కొనేది వస్తువునా, సంబరాన్నా? ఏదైనా పర్వాలేదు, తెలిసి కొనండి.

ఈ మూడూ మన జేబు గురించినవి. జేబు దాటిన మాట కూడా ఒకటి ఉంది. మెరుగు పెట్టి తిరిగి తెచ్చేది ఎక్కువగా అభిమానులున్నవాటినే. 1938లో గూడవల్లి రామబ్రహ్మం గారు 'మాలపిల్ల' తీశారు. కథ చలం గారిది, మాటలు తాపీ ధర్మారావు గారివి. అంటరానితనాన్ని తెర మీద నిలదీసిన సినిమా అది. మనలాంటివాళ్ళు తప్పక చూడవలసింది. కానీ దానికి అభిమాన సంఘాలు లేవు, పుట్టినరోజు ఆటలు లేవు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. దాని ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. పోయినదానికి ఎంత డబ్బు పెట్టినా మెరుగు పెట్టలేం. అదే సత్యజిత్ రే గారి అపు చిత్రాల నెగెటివ్‌లు 1993లో లండన్‌లో కాలిపోతే, మిగిలిన ముక్కల్ని సంవత్సరాల తరబడి బాగుచేసి, పోయినచోట ఇతర ప్రతులు వాడి 2015లో మళ్ళీ తెరకెక్కించారు. మూలం కొంతైనా మిగిలింది కాబట్టి, పట్టించుకునేవాళ్ళున్నారు కాబట్టి అది సాధ్యమైంది.

చివరిగా మనింటి సంగతి

ఈమధ్య మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక మిత్రుడు మన హాస్టల్ మెట్ల మీద తీసుకున్న పాత గ్రూపు ఫోటోని కంప్యూటర్ చేత మెరుగుపరిచి పెట్టాడు. అందరం మొదట చప్పట్లు కొట్టాం. తర్వాత ఒకడు అడిగాడు, "ఒరేయ్, మనం ఇంత తెల్లగా ఎప్పుడున్నాంరా?" అని. నిజమే. ఎండలో కాలిన మా ఒళ్ళన్నీ పాలరంగు అయిపోయాయి. నా చొక్కా భుజం మీద అమ్మ వేసిన మాసిక కనపడలేదు. వెనక వరసలో నిలబడ్డ వంటమనిషి అప్పమ్మకి ఎవరిదో ముఖం వచ్చింది. మాకు ఆకలి తెలియకుండా చూసిన మనిషి ముఖం అది.

అసలు ఫోటో ఎక్కడుందని వెతికితే ఒక్కరి ట్రంకుపెట్టెలో దొరికింది. మూలలు చెదలు తిన్నాయి గానీ అప్పమ్మ ముఖం అలాగే ఉంది. ఆ మాసికా ఉంది. దాన్ని స్టూడియోలో స్కాన్ చేయించి, గీతలు మాత్రం తీయించి, ముఖాలు ముట్టుకోవద్దని చెప్పాం. తలా ఇరవై రూపాయలు పడింది.

తమ్ముళ్ళారా, మీ దగ్గరున్న పాత ఫోటోలూ, పాత సంచికలూ పారేయకండి. మెరుగు పెట్టడానికి రేపు ఎన్ని కొత్త యంత్రాలైనా వస్తాయి. వాటికి ఇవ్వడానికి అసలుది మన దగ్గర ఉండాలి.