అంతరాయం అన్నా ఖలల్ అన్నా.. మధ్యలో పడ్డ సందే

2023 జులై చివర్లో మున్నేరు పొంగి, నందిగామ దాటాక ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి నీళ్లొచ్చాయి. జగ్గయ్యపేట నుంచి బెజవాడ వెళ్లాల్సిన బండ్లు ఆగిపోయాయి. ఇలాంటప్పుడు వార్తల్లో కనపడే మాట ‘రాకపోకలకు అంతరాయం’.

‘అంతర’ అంటే మధ్య, లోపల. జరుగుతున్న పనికి మధ్యలో వచ్చిపడే అడ్డు అంతరాయం. ఉర్దూలో దీనికి దగ్గరి మాట ఖలల్. ‘నీంద్ మే ఖలల్ పడా’ అంటే మధ్యలో నిద్ర చెడిందని. అరబీలో ఖలల్‌కు సందు, ఖాళీ అనే అర్థం ఉంది. వుజూలో వేళ్ల సందుల్లో చేసే ఖిలాల్, పళ్లు కుట్టుకునే ఖిలాల్ పుల్ల కూడా అదే ధాతువువి! అయితే ‘దిమాగ్ మే ఖలల్’ అన్నచోట మాత్రం అంతరాయం అతకదు. అక్కడ అది లోపం, పిచ్చి.

అసలు జాగ్రత్త పడాల్సింది ‘రద్దు’ దగ్గర. కరెంటు సరఫరాకు అంతరాయం అంటే కాసేపటికి మళ్లీ వస్తుంది. బస్సు రద్దు అంటే ఆ బస్సు ఇక రాదు. ఉర్దూలో మన్సూఖ్. వరద రోజున తెలుగు చదవడం రాని నానీకి రద్దును ఖలల్ అని చెప్తే, పాపం ఆవిడ బస్టాండులోనే కూర్చుంటుంది.