మందుకు అలవాటు పడేది ఒళ్లు కాదు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ చదివే పిల్లలను ఆఖరి ఏడాదిలో ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: తర్వాత ఏం చేస్తావు? బీఎడ్, గ్రూప్స్, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి ఫార్మా కంపెనీలు... జవాబులు ఇవే. పరిశోధన ఊసు అరుదుగా వస్తుంది, వచ్చినా దాని వెంట అపోహలూ వస్తాయి. మందులకు లొంగని సూక్ష్మజీవుల మీద జరిగే కెమికల్ బయాలజీ పరిశోధన సంగతైతే చెప్పనే అక్కర్లేదు.

అపోహ: యాంటీబయాటిక్స్ ఎక్కువగా వాడితే ఒళ్లు వాటికి అలవాటు పడిపోతుంది.

వాస్తవం: మారేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. గద్వాల వైపు నడిగడ్డ పత్తి రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పే పని లేదు. బీటీ పత్తిని తిని చావాల్సిన గులాబీ రంగు పురుగు, ఏళ్లు గడిచేకొద్దీ చావడం మానేసింది. మందు పడ్డప్పుడు తట్టుకోలేనివి చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పిల్లలు పెడతాయి. బ్యాక్టీరియాలోనూ జరిగేది ఇదే. కొన్ని మందును విరగ్గొట్టే ఎంజైమును తయారు చేసుకుంటాయి. కొన్ని లోపలికొచ్చిన మందును బయటికి తోసేస్తాయి. మరికొన్ని మందు అతుక్కునే చోటునే మార్చేసుకుంటాయి. ఇలా మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019లో ప్రపంచమంతటా 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రికలో 2022లో వచ్చిన అంచనా.

అపోహ: అది డాక్టర్లు, బయాలజీ వాళ్లు చూసుకునే పని. కెమిస్ట్రీ వాళ్లకేం సంబంధం?

వాస్తవం: అమాక్సిసిలిన్‌తో కలిపి ఇచ్చే క్లావులానిక్ యాసిడ్‌నే తీసుకోండి. విడిగా అది బ్యాక్టీరియాను చంపగలిగేది చాలా తక్కువ. దాని పనల్లా, మందును విరగ్గొట్టే బీటా లాక్టమేజ్ ఎంజైముకు అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేయడం. అప్పుడు అమాక్సిసిలిన్ తన పని తాను చేసుకుపోతుంది. ఏ బంధం ఎక్కడ తెగుతుంది, ఏ అణువు ఎక్కడ కుదురుకుంటుంది అన్నది ముమ్మాటికీ కెమిస్ట్రీ ప్రశ్నే. ఇలాంటి చిన్న అణువులను తయారుచేసి, వాటితో జీవకణం గుట్టు తెలుసుకోవడమే కెమికల్ బయాలజీ.

మన రాష్ట్రంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధిచేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించింది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీళ్లలో మందును కొలవాలంటే కెమిస్ట్రీ రావాలి, అక్కడి బ్యాక్టీరియా ఎలా మారుతోందో చూడాలంటే బయాలజీ రావాలి. రెండూ ఎరిగినవాళ్లు మనకు చాలా అవసరం.

అపోహ: పీహెచ్‌డీ అంటే ఇంకో అయిదేళ్లు ఇంటి మీద భారం.

వాస్తవం: సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 ఫెలోషిప్. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న మొత్తాలివి. ఇంటి అద్దె భత్యం అదనం.

అపోహ: దీనికోసం బెంగళూరుకో అమెరికాకో పోవాలి.

వాస్తవం: గద్వాల, వనపర్తి రోడ్ స్టేషన్ల మీదుగా వచ్చే రైలెక్కి కాచిగూడలో దిగితే చాలు. అక్కడికి దగ్గర్లోనే తార్నాక, హబ్సిగూడ వైపు ఐఐసీటీ, సీసీఎంబీ పరిశోధన సంస్థలు ఒకే దారిలో ఉన్నాయి. ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ, బాలానగర్‌లో నైపర్, గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, కందిలో ఐఐటీ.

అపోహ: చిన్న ఊళ్లలో చదివినవాళ్లకు ఇవి అందవు.

వాస్తవం: అడ్డంకులు నిజమే, దాచడం తప్పు. నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియం పిల్లలకు అది అదనపు బరువు. పెద్ద పరికరాలను పుస్తకంలో బొమ్మగా తప్ప చూడని విద్యార్థులూ ఉన్నారు. అయితే ఈ లోటు తీర్చుకునే దారి ఉంది. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి డిగ్రీ, పీజీ విద్యార్థులకు వేసవి పరిశోధన ఫెలోషిప్ ఇస్తున్నాయి. ఎంపికైతే రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో పనిచేయవచ్చు. పాలమూరు యూనివర్సిటీ పీజీ సెంటర్లలో, మూడు జిల్లాల డిగ్రీ కాలేజీల్లో పాఠం చెప్పే లెక్చరర్లకు ఒక విన్నపం: ఈ ఫెలోషిప్ ప్రకటన వచ్చినప్పుడు నోటీసు బోర్డుకు అంటించి ఊరుకోకండి. క్లాసులో చదివి వినిపించండి, దరఖాస్తు దగ్గరుండి నింపించండి.