ఈ గుర్తు మీ ఫోన్‌లో కనిపిస్తోందా? డబ్బా వస్తే కారణం ఇదీ..

౷ .. ఈ లైన్ మొదట్లో మీకేం కనిపించింది? ఖాళీ డబ్బా కనిపిస్తే ఫోన్ పాడైందని కంగారు పడక్కర్లేదు. ఆ గుర్తు పేరు సిద్ధం. పాత తెలుగు రాతల మొదట్లో శుభసూచకంగా పెట్టేవారు.

విజయవాడకు దగ్గర్లోని జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన ఇక్ష్వాకుల కాలం నాటి ప్రాకృత శాసనం 'సిద్ధం' అనే మాటతోనే మొదలవుతుంది. రానురాను మాట బదులు గుర్తు పెట్టడం వచ్చింది. అక్షరాభ్యాసంలో పలక మీద దిద్దించే 'ఓం నమః శివాయ సిద్ధం నమః'లో ఉన్నదీ ఈ సిద్ధమే.

ఇక ఫోన్ సంగతి. దానికి బొమ్మ తెలియదు, నంబరే తెలుసు. ఆ నంబర్లు ఇచ్చేది యూనికోడ్ కన్సార్షియం. దేవనాగరి ఓంకారం 2384. బౌద్ధుల ధర్మచక్రం 9784. మన 'ఓం'కు మాత్రం విడిగా నంబర్ లేదు. 'ఓ' 3091, పక్కన సున్నా 3074.. రెండూ కలిస్తేనే ఓం. అందుకే తెలుగులో ఓం అని కొట్టి వెతికితే, దేవనాగరి ఓంకారంతో వచ్చిన మెసేజ్ దొరక్కపోవచ్చు. పలికేది ఒకటే అయినా ఫోన్‌కు అవి వేర్వేరు.

సిద్ధానికి 3191 నంబర్ దక్కింది 2019 మార్చిలో, యూనికోడ్ 12తో. అంతవరకు యూనికోడ్ తెలుగులో ఈ గుర్తును టైప్ చేసే దారే లేదు. బొమ్మగా అతికించొచ్చు, కానీ వెతికితే దొరకదు.

నంబర్ వచ్చినా పని సగమే అయినట్టు. దానికి రూపం ఇవ్వాల్సింది ఫాంట్. ఫోన్‌లో తెలుగు ఫాంట్ పాతదైతే డబ్బానే కనిపిస్తుంది. నంబర్ మాత్రం లోపల భద్రంగా ఉంటుంది. ఆ డబ్బానే కాపీ చేసి వాట్సాప్‌లో పంపండి.. అవతలి ఫోన్‌లో కొత్త ఫాంట్ ఉంటే సిద్ధం కనిపిస్తుంది.