చలికొండల ఆర్కిడ్‌ను ఇంట పెంచు విధము

గత కార్తిక మాసమున మా లంబసింగి ప్రాంతపు సభ్యుడొకడు నాయొద్దకు వచ్చి, తెల్లని పూగుత్తులు వ్రేలాడుచున్న యొక మొక్క పటమును చూపి, "అయ్యా, ఇట్టివి నూరు మొక్కలు తెప్పించి పూలకై పెంచదలచితిని. మిరియపు తీగలకని సంఘమునుండి తీసికొనిన అప్పును దీనికి మరల్చవచ్చునా?" అని యడిగెను. ఇట్టి సందేహము ఇతరులకును కలుగవచ్చును గనుక, నేనాతనికి చెప్పిన మాటలనే ఇచ్చట వ్రాయుచున్నాను.

పటములోని మొక్క సీలోజినీ క్రిస్టేటా యను ఆర్కిడ్. దీని స్వస్థలము హిమాలయము. నేపాలు, సిక్కిం, డార్జిలింగు కొండలలో సుమారు 1,500 మొదలు 2,500 మీటర్ల యెత్తున, నాచుపట్టిన చెట్ల కొమ్మలపైనను బండలపైనను ఇది పెరుగును. చెట్టుపై నుండుటచేత దీనిని మన మామిడిచెట్లకు పట్టు బదనికతో పోల్చరాదు. బదనిక చెట్టు రసమును పీల్చును. ఇది చెట్టును ఆసరాగా మాత్రమే కొని, వానవలనను మంచువలనను నీటిని గ్రహించును. మొదట కనబడు గుండ్రని ఆకుపచ్చ దుంపలు నిజమైన దుంపలు కావు. నీటిని, ఆహారమును నిలువచేసికొను ఉబ్బిన కాండములు. పువ్వు తెల్లనిది. దాని నడిమి రేకుపై పసుపుపచ్చని కుచ్చువంటి వరుసలుండును. అందుచేతనే శిఖగలది యను అర్థము గల క్రిస్టేటా యను పేరు దీనికి కలిగినది.

ఈ మొక్కను నేను మొదట నర్సీపట్నములో నున్నప్పుడు తెప్పించితిని. మూడేండ్లు ఆకులు వేసినదేగాని యొక్క మొగ్గయైనను తొడగలేదు. ఎరువు చాలలేదని తలచి ఎరువు వేసితిని. నీరు చాలలేదని తలచి నీరు పోసితిని. నాలుగవ యేట వానకాలములో వేళ్లు కుళ్లి చచ్చినది. లోపము ఎరువులోను లేదు, నీటిలోను లేదు; రాత్రి వేడిమిలో నున్నది. పగలు ఆకులు చేసికొనిన ఆహారమును వేడిరాత్రులలో మొక్క తానే ఖర్చుచేసికొనును. మఱియు శీతాకాలమున రాత్రులు 10 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపులకు దిగి, నీరు తగ్గినప్పుడే దీనికి మొగ్గ బాగుగ పుట్టును. కావున మొక్కను కొనకముందే ఒక ఉష్ణమాపకమును కొని, వసారాలో వ్రేలాడదీసి, ఒక యేడు రాత్రి వేడిమిని వ్రాసికొనుడు. మైదానపు గ్రామములవారు ఆ లెక్కను చూచి ఈ కోరికను మానుకొనుటయే లాభము.

కొండమీది వారు పెంచదలచినచో చేయవలసినది యిది. అడుగున రంధ్రములు గల, వెడల్పైన లోతులేని మట్టికుండీని తీసికొనవలెను. మన్ను వేయరాదు. చెట్టు బెరడు ముక్కలు, కట్టెబొగ్గు, పెంకుముక్కలు కలిపి, పైని కొంచెము నాచు పరచవలెను. ఉదయపు టెండ మంచిది. మధ్యాహ్నపు టెండ ఆకులను కాల్చును. కొత్త చిగురు పెరుగు వేసవి, వానకాలములలో వాననీటిని ధారాళముగ పోయవలెను. చవుడు నీరు వేళ్లకు హాని. ఈ కాలముననే పదునైదు దినముల కొకసారి మిక్కిలి పలుచని ఎరువునీరు చాలును. మార్గశిరము మొదలు నీరు బాగుగ తగ్గింపవలెను. అప్పుడు దుంపలు కొంచెము ముడుతలు పడును. దానిని చూచి భయపడి నీరు గ్రుమ్మరించినవారే ఎక్కువగ మొక్కను పోగొట్టుకొనుచున్నారు. మాఘ ఫాల్గుణములలో పూలు విచ్చును. పూలు రాలిన పిదప, కుండీ నిండినప్పుడు మాత్రమే, నాలుగైదు దుంపల చొప్పున విడదీసి నాటవలెను. కదలించిన మొక్క ఒక యేడు పూయకుండుటయు కలదు.

విత్తనములతో ప్రయత్నింప వలదు. ఆర్కిడ్ విత్తనము ధూళివలె నుండును. దానిలో నిలువ ఆహారము లేదు. అడవిలో నొక జాతి శిలీంధ్రము తోడ్పడిననే మొలకెత్తును. ఈ సంగతిని 1899లో నోయెల్ బెర్నార్డు కనుగొనెను. 1922లో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన ఆహారముపై గాజుపాత్రలో శిలీంధ్రము లేకయే మొలిపించెను. అది ప్రయోగశాల పని.

ఇక నూరు మొక్కల మాట. చవుకగ దొరకు దుంపలు పెక్కుసార్లు అడవిలో చెట్లనుండి పెరికినవి. వేళ్లు తెగిన యట్టివి కుండీలో కుదురుకొనుట కష్టము, అడవియు బోసిపోవును. ఆర్కిడ్ల అంతర్జాతీయ వ్యాపారము 1975 నుండి ఒడంబడిక కట్టుబాటులో నున్నది. కావున ఎవరు పెంచిన మొక్కయో అడిగి తెలిసికొనియే కొనవలెను.

నేనాతనితో, "నాయనా, అప్పునకు వాయిదా కలదు, ఈ మొక్కకు లేదు. మన కొండ సుమారు 1,000 మీటర్లదే. చలికాలము దీనికి సరిపోయినను వేసవి కష్టకాలమే. మా యింటి వసారాలోని రెండవ మొక్క మూడవ యేట రెండు గెలలు మాత్రమే వేసినది. ఇది ఇంటి యందమునకు తగును, అప్పు తీర్చుటకు తగదు" అని చెప్పితిని. ఆతడు కొంత చిన్నబోయెను. అయినను అప్పును మిరియపు తీగలకే వినియోగించెను. మొన్న ఫాల్గుణమున పూలు రాలిన పిదప నా కుండీనుండి అయిదు దుంపలు విడదీసి యాతని కిచ్చితిని. తన వసారాలో ఉష్ణమాపకము ప్రక్కనే దానిని వ్రేలాడగట్టినాడు.