మీకు తెలుసా? పచ్చదోమకు అడవిపుంజు రెక్క

తాడిపత్రి వేరుశనగ చేలల్లో రసం పీల్చే పచ్చదోమ కుటుంబపు పురుగులకు అమెరికాలోని పెన్సిల్వేనియాలో గాలం ఎరగా నకలు చేశారు. దాని రెక్క మాత్రం భారతదేశపు అడవిపుంజు మెడ ఈక. ‘జాసిడ్’ అనే ఈ ఎరను విన్సెంట్ మరినారో 1950 నాటి తన పుస్తకంలో వివరించారు. మైనం పూసినట్టు మెరిసే మచ్చ ఉన్న ఒక్క ఈకను బుల్లి గాలం మీద బల్లపరుపుగా కడతారు. నీటి అడుగు నుంచి చూసే ట్రౌట్ చేపకు కనిపించేది రెక్క ఆకారమే కనుక అది చాలు. ఆ పుంజుకిప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

ఈగలను పోలిన ఇతర ఎరల రెక్కలకు సొంతంగా చేసుకున్న పనిముట్టు వాడతారు. ఇత్తడి పట్టీని మడిచి, రెండు కొసలను రెక్క ఆకారంలో ఆకురాయితో అరగదీస్తారు. నడుమ మామూలు కోడి ఈకను బిగించి, బయటికి మిగిలిన అంచును లైటర్ మంటతో కాలుస్తారు.